ఏడాది కారం

పద్నాలుగో భాగం

"సంతకం పెట్టమ్మా, పనైపోద్ది," అంటూ వీరబాబు స్టాంపు కాగితాన్ని చెల్లెలి ముందుకు జరిపాడు.

ధనశ్రీ కాగితం చూసింది. దాని మీద తేదీ రెండేళ్ళ కిందటిది. కాగితం మాత్రం ఇప్పుడే అన్నయ్య చేతిసంచిలోంచి బయటికొచ్చింది. టేబుల్ మీద ఇడ్లీలు చల్లారిపోయాయి. పొద్దున్నించి ఈ ఇంట్లో ఎవరూ ఏమీ నోట్లో పెట్టుకోలేదు.

"ఈ తేదీ ఏంటన్నయ్యా?"

"బావ సలహాదారు కాకముందు తేదీ. అప్పుడే నువ్వు కోల్డ్ స్టోరేజీలో నీ వాటా వదులుకున్నావని రాయించా."

"నేను వదులుకోలేదుగా."

"వదులుకున్నావని నేను మాత్రం అన్నానా? వదులుకున్నట్టు ఒక కాగితం ఉండాలంటున్నా. పాత స్టాంపు కాగితం కోసం పొద్దున్నే ఎన్ని గడపలు ఎక్కి దిగానో నీకేం తెలుసు?"

అన్నయ్య గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు ఇంజెక్షన్ వేయించడానికి తీసుకెళ్ళేటప్పుడూ ఇలాగే మాట్లాడేవాడు. చీమ కుట్టినట్టుంటుందంతే అని చెప్పేవాడు. తీరా సూది గుచ్చాక మొహం పక్కకి తిప్పుకునేవాడు.

నిన్న సాయంత్రం టీవీలో ఒక కుర్రాడు బైపాస్ రోడ్డు పక్కన నిలబడి వెనకనున్న బోర్డు చూపించాడు. ఆరడుగుల ఎర్ర అక్షరాలు: ధనశ్రీ కోల్డ్ స్టోరేజ్. మిర్చి ధర పాతాళంలో ఉన్నప్పుడు, ప్రభుత్వం కొంటానని ప్రకటించడానికి సరిగ్గా పది రోజుల ముందు, ఈ గోదాము సరుకుతో నిండిపోయిందని చెప్పాడు. కొనమని ప్రభుత్వానికి నోట్ రాసిచ్చిన సలహాదారు కోటేష్ గారి భార్య పేరు కూడా ధనశ్రీయేనని చెప్పాడు. ఇదేమైనా కాకతాళీయమా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. వాడు పోయాడు గానీ ఆ ప్రశ్న మాత్రం రాత్రంతా ఈ ఇంట్లోనే ఉంది.

కోటేష్ కిటికీ దగ్గర ఫోన్ చెవిన పెట్టుకుని "సార్... సార్... అలాగే సార్" అంటున్నాడు. పద్దెనిమిదేళ్ళు కాలేజీలో వ్యవసాయ మార్కెటింగ్ చెప్పిన మనిషి. రైతు ఎప్పుడు అమ్మాలో, ఎప్పుడు ఆపుకోవాలో పల్నాడు నుంచి ఒంగోలు దాకా సభలు పెట్టి చెప్పిన మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి తానే వెళ్ళి కుడితిలో పడిందని ఈ పూట ఎన్ని ఇళ్ళలో అనుకుంటున్నారో.

ఫోన్ పెట్టేసి వచ్చాడు. "మధ్యాహ్నం రెండింటికల్లా సంజాయిషీ కావాలంట. మనిషిని పంపిస్తున్నారు. సంతకం అయిందా?"

"అడుగుతోంది బావా మీ ఆవిడ, తేదీ ఏంటని," అన్నాడు వీరబాబు.

కోటేష్ భార్య వైపు చూడలేదు. "ధనా, ఇప్పుడు ప్రశ్నలకు టైం లేదు."

"రెండేళ్ళ కిందట పదవిలో చేరినప్పుడు ఆ ఫారంలో నా వాటా సంగతి రాసుంటే ఇప్పుడు ఈ దొంగ తేదీ అవసరమయ్యేదా?"

"అది మీ నాన్నగారు నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నీ పసుపు కుంకుమ నా పేరు కింద నేనెలా రాసుకుంటాను? ఏ మగాడు రాసుకుంటాడు?"

ఆ మాటకి ధనశ్రీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎందుకంటే రెండేళ్ళ కిందట సరిగ్గా ఈ మాటకే ఆమె పొంగిపోయింది.

పదవిలో చేరిన వారం రోజులకి ఆఫీసు నుంచి నజ్మీన్ అనే సెక్షన్ ఆఫీసరు ఫారం పట్టుకుని ఇంటికొచ్చింది. రెండో పేజీలో భార్య పేరున ఏ వ్యాపారంలోనైనా వాటా ఉందా అని ఉంది. కోటేష్ "లేదు" అని రాశాడు. "బోర్డు చూశాను సార్, మేడమ్ పేరే కదా," అంది నజ్మీన్ మెల్లగా. అప్పుడు కోటేష్ ఈ పసుపు కుంకుమ మాటే చెప్పాడు.

"రాసేస్తే ఏం కాదు సార్," అంది ఆ అమ్మాయి. "మిర్చి, కోల్డ్ స్టోరేజీ ఫైళ్ళు మీ దగ్గరికి రాకుండా వేరేవాళ్ళకి పంపుతాం. మిగతావన్నీ మీరే చూడొచ్చు. రాయకపోతేనే తర్వాత ఇబ్బంది."

"మిర్చి ఫైలు నా దగ్గరికి రాకపోతే గుంటూరు వాణ్ణి నన్నెందుకు పెట్టుకున్నట్టమ్మా?" అని కోటేష్ పెద్దగా నవ్వాడు.

వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ధనశ్రీ ఆ రోజు మురిసిపోయింది. పెళ్ళాం సొమ్ము మీద ఆశ లేని మనిషి దొరికాడనుకుంది. ఆ "లేదు" అన్న మాట తన కొంపకే నిప్పు అవుతుందని ఆ రోజు ఆమెకేం తెలుసు?

"పసుపు కుంకుమంట!"

గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలోంచి వచ్చింది ఆ మాట. యలమందయ్య, కోటేష్ తండ్రి, పెదనందిపాడు దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చి కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు కూడా తీయలేదు. కోడలిచ్చిన కాఫీ కింద పెట్టి అలాగే వదిలేశాడు.

"నువ్వు ఊరుకో నాన్నా," అన్నాడు కోటేష్.

"వచ్చిందగ్గర్నుంచీ ఊరుకునే ఉన్నాగా. ఒక్కటడుగుతా. ఈ ఇంటికి పై అంతస్తు దేంతో లేపావురా?"

కోటేష్ ఫోన్ తీసి చూసుకున్నాడు.

"ఏటా శ్రావణమాసంలో వీరబాబు చీర పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, దాని కింద గోదాము లాభాల కవరు పెట్టి ఇస్తుంటే మీ అమ్మ బతికున్నప్పుడు నాతో చెప్పేది. ఆ కవర్లతోనే స్లాబు పోశారని. స్లాబు కింద పడుకోవటానికి మనది, ఫారంలో రాయటానికి వాళ్ళదా?"

"మావయ్యగారూ, ఇప్పుడవన్నీ తవ్వుకుంటే ఏం లాభం?" అన్నాడు వీరబాబు. "ముందు బావ కుర్చీ నిలబడాలిగా."

"నువ్వాగయ్యా. నీతోనూ ఉంది నాకు మాట." ముసలాయన వీరబాబు వైపు తిరిగాడు. "నిన్న టీవీలో మీ గోదాము లోపల కూడా చూపించారు. టిక్కీ బస్తాల మూతులు ఆకుపచ్చ పురికొసతో కుట్టున్నయ్."

"అయితే?"

"మా చుట్టుపక్కల మిరపకాయ బస్తాని ఆకుపచ్చ పురికొసతో కుట్టేది నేనొక్కణ్ణే. మీ చెల్లెలి అత్తగారు పెట్టిన అలవాటు. మిర్చి యార్డులో మన బస్తా తప్పిపోతే దూరాన్నించే గుర్తుపట్టొచ్చనేది."

వీరబాబు మొహం మాడింది.

"యార్డులో ఎవడో కొన్నాడనుకున్నా," అన్నాడు యలమందయ్య. గొంతు పెంచకుండానే అన్నాడు. అరిచినా బాగుండేది. "అడిగినకాడికి ఇచ్చేసి ఇంటికొచ్చా. నా కాయలు నా కోడలి పేరున్న ఏసీ గోదాములోకే పోయినయ్యని టీవీవాడు చూపిస్తే గానీ తెలవలా. తర్వాత పది రోజులకే గవర్నమెంటు ధర ప్రకటించింది. ఏసీలో పెట్టుకున్నోళ్ళు బాగుపడ్డారు."

"నాకు మాత్రం అవి మీ కాయలని తెలుసా? మా గుమస్తాలు కొంటారు," అన్నాడు వీరబాబు.

"తెలిస్తే ఏం చేసేవాడివి? రూపాయి ఎక్కువిచ్చేవాడివా?"

వీరబాబు స్టాంపు కాగితం అంచు సరిచేశాడు.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. "కోటయ్యా, మార్చిలో నీకు ఫోన్ చేశా. అమ్మేయమంటావా, ఏసీలో పెట్టమంటావా అని అడిగా. ఏం చెప్పావు?"

"నన్నడగొద్దని చెప్పా. ఆ ఫైలు నా చేతిలో ఉంది, కన్నతండ్రికి చెప్పినా తప్పేనని చెప్పా."

"చెప్పావు. నిజం చెప్పనా, ఆ పూట నాకు కడుపు నిండిపోయింది. మా వాడు తండ్రికైనా రూలు తప్పలేదని పక్కచేను జక్రయ్యకి కూడా గొప్పగా చెప్పా. వాడు కూడా నాతోపాటే తెచ్చి అమ్ముకున్నాడు. ఇప్పుడు వాడి మొహం చూడలేక మొదటి బస్సెక్కా. నాకు చెప్పకూడని మాట వీరబాబుకి ఎవరు చెప్పారురా?"

ఆ ప్రశ్న కోసమే వచ్చాడని అందరికీ అప్పుడు అర్థమయింది.

"వ్యాపారం చేసేవాడికి గాలి ఎటు తిరుగుతుందో తెలుస్తుంది మావయ్యగారూ," అన్నాడు వీరబాబు. అంటూనే ఒక్క క్షణం చెల్లెలి వైపు చూశాడు.

ఆ చూపు ధనశ్రీ తప్ప ఎవరూ గమనించలేదు.

"ఎవరు చెప్పారో సంజాయిషీలో రాశాను," అన్నాడు కోటేష్, తెల్ల కవరు చూపిస్తూ. "నా నోట్ టైపు చేసింది నజ్మీన్. పైకి పంపేదాకా నేను, ఆ అమ్మాయి తప్ప అది ఎవరూ చూడలేదు. నేను చెప్పలేదు. ఇంకెవరు చెప్పినట్టు?"

"ఆ అమ్మాయి చెప్పిందని మీకు తెలుసా?" అంది ధనశ్రీ.

"తెలియక్కర్లేదు. సెక్షన్ నుంచి బయటికి పోయి ఉండొచ్చని రాశాను. విచారణ చేసుకుంటారు."

వీరబాబు తృప్తిగా తలూపాడు. ధనశ్రీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంతకం లేని కాగితం బల్ల మీదే ఉంది.

* * *

వంటింట్లో గట్టు మీద పెద్ద జాడీ ఉంది. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. ఏడాది కారం. దాని వైపు చూడలేక ఆమె కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

కోటేష్ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ధనా, మొండికేయకు. పన్నెండున్నరైంది. ఆ సంతకం లేకపోతే నేను నిలబడలేను."

"ఆ కవర్లోంచి నజ్మీన్ సంగతి తీసేయండి."

"ఎందుకు? ఆమె మీద నీకెందుకంత?"

ధనశ్రీ కుళాయి కట్టేసింది. "మార్చిలో ఒకరోజు అన్నం తింటూ నాతో ఏమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"ఏడాది కారం ఇంకా కొట్టించలేదేం అన్నారు. మంగళవారం పోయాక చూద్దామన్నాను. కాదు, ఈ వారమే కానిచ్చెయ్, ఉగాది దాటితే ఈ ధర ఉండదు అన్నారు."

కోటేష్ కాసేపు గుర్తు చేసుకున్నాడు. తర్వాత భుజాలు ఎగరేశాడు. "అన్నానేమో. ఇంట్లో భార్యతో అన్న మాట. నువ్వు ఎవరికీ చెప్పలేదుగా?"

"మనింటికి ఏడాది కారం కాయలు ఎక్కణ్ణించి వస్తాయండీ?"

కోటేష్ జాడీ వైపు చూశాడు.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఈ ఇంట్లో కారం కాయలు బజార్లో కొన్నది లేదు. ఆడపిల్ల ఇంటికి ఏడాది కారం, పసుపు పుట్టింటి నుంచి రావాలి. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు ఆయన పంపేవాడు, తర్వాత అన్నయ్య. ఆ రోజు కోటేష్ చెయ్యి కడుక్కుని వెళ్ళగానే ధనశ్రీ అన్నయ్యకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, కాయలు ఈ వారమే పంపించు. ఉగాది దాటితే ధర ఉండదంట, మీ బావ చెప్పారు," అంది. ఒక్క క్షణం అవతల చప్పుడు లేదు. తర్వాత వీరబాబు నవ్వి, "అలాగేనమ్మా, నీకు లేకుండా పోతాయా," అన్నాడు.

ప్రతి ఏడూ ఎనిమిది కిలోలు పంపేవాడు ఈసారి ఏకంగా ఒక టిక్కీ పంపాడు. బస్తా మూతికి ఆకుపచ్చ పురికొస ఉంది. అన్నయ్యకి తన మీద ఎంత ప్రేమోనని పొంగిపోయి, ఆ పురికొస విప్పి చుట్టచుట్టి మేకుకి తగిలించింది. అది ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. మామగారి బస్తా గుర్తు అని ఇంట్లో ఉన్న కోడలికి తట్టలేదు.

కోటేష్ కూడా దాన్నే చూశాడు. చెయ్యి చాచి తీశాడు. చేతిలో నలిపి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"ఈ మాట ఈ వంటిల్లు దాటకూడదు," అన్నాడు.

"ఇంకా కవరు ఇస్తారా?"

"నజ్మీన్‌కి ఏం కాదు. మహా అయితే బదిలీ చేస్తారు. ఉద్యోగం పోదు."

"మీదీ పోదుగా. కాలేజీకి వెళ్ళి పాఠాలు చెప్పుకోవచ్చు."

"నేను డబ్బు తిన్నానా ధనా? ఒక్క రూపాయి? కన్నతండ్రికి చెప్పలేదు నేను! ఆయన నష్టపోతుంటే చూస్తూ కూర్చున్నాను!"

"అదేనండీ నన్ను కాలుస్తోంది. ఆయన చెమటోడ్చి పండించిన పంట గురించి అడిగితే మీకు రూలు గుర్తొచ్చింది. మన జాడీలోకి కారం చవగ్గా రావాలన్నప్పుడు గుర్తు రాలేదు."

"కారం కొట్టించమనడం కూడా నేరమేనా?"

"నాకేం తెలుసు? ఏది నేరమో ఏది కాదో చెప్పాల్సిన సలహాదారు మీరు."

అతని చెయ్యి పైకి లేచింది. కొట్టలేదు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేవని చెయ్యి అలా లేచి, ఏం చెయ్యాలో తెలియక జాడీ మూత మీద ఆగింది. ఆ చేతిని చూస్తుంటే ఆమెకు భయం వెయ్యలేదు. అసహ్యం వేసింది. ఆ అసహ్యం అతని మీదే కాదు, తన మీద కూడా. ఇన్ని నోళ్ళుండగా మాట బయటికి పోవడానికి తన నోరే దొరికింది. ఇంటిగుట్టు లంకకు చేటని చిన్నప్పటి నుంచి విన్నదే. గుట్టు అని తెలిస్తే కదా దాచుకునేది! కారం కాయల మాటలో గుట్టుందని ఏ ఆడదానికి తడుతుంది?

తలుపు తోసుకుని వీరబాబు తల లోపల పెట్టాడు. చెల్లెలి మొహం చూడగానే అతనికి విషయం తెలిసిపోయింది. గొంతు తగ్గించాడు.

"చెప్పేశావా? సరే. ఇక్కడితో ఆపు. ఫోన్లో మనం మాట్లాడుకున్నది మనిద్దరికే తెలుసు. బయటికొస్తే నీ మొగుడి కుర్చీ పోద్ది, నా గోదాముకి సీలు పడిద్ది. సంతకం పెట్టు. పెట్టకపోతే..." కాస్త ఆగాడు. "పెట్టకపోతే వచ్చే శ్రావణానికి నీకు చీర రాదు. మన ఇంటి గడప నీకు లేదు."

"నాన్న నా పేరు పెట్టిన గోదాము అన్నయ్యా అది."

"అందుకే చెప్తున్నా," అన్నాడు వీరబాబు.

బయట గేటు చప్పుడైంది.

* * *

వచ్చింది నజ్మీనే.

కోటేష్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఎవరినో పంపుతారనుకున్నాడు గానీ ఈమెనే పంపుతారనుకోలేదు. తుళ్ళూరు ఆఫీసు నుంచి రెండు ఆటోలు మారి ఎండలో వచ్చిందట. చున్నీతో మొహం తుడుచుకుంటూ, చెప్పులు గుమ్మం బయట విడిచి, "నమస్తే సార్, నమస్తే మేడమ్," అంది.

"సంజాయిషీ కవరు తీసుకెళ్ళమన్నారు సార్. ఇంకోటి, మేడమ్ గారు వాటా గురించి సొంత చేత్తో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాలన్నారు." ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే ఉన్న పాత స్టాంపు కాగితం మీద ఆమె చూపు పడింది. తేదీ కూడా చదివే ఉంటుంది. ఏమీ తెలియనట్టు చూపు తిప్పుకుంది.

కోటేష్ కవరు అందించాడు. నజ్మీన్ దాన్ని జాగ్రత్తగా బ్యాగులో, నలగకుండా ఫైలు మధ్య పెట్టుకుంది. తన మెడకు బిగిసే తాడు తానే మడతపెట్టుకుని మోసుకెళ్తోంది పాపం. రసీదు మీద సంతకం పెట్టి "థాంక్యూ సార్" అని కూడా అంది.

"అన్నం తిని వెళ్ళమ్మా," అంది ధనశ్రీ.

"వద్దు మేడమ్, రెండింటికల్లా..."

"ఈ ఎండలో ఖాళీ కడుపుతో ఎక్కడికెళ్తావు? అయిదు నిమిషాలు. కూర్చో."

వీరబాబు చెల్లెలికి కళ్ళతో సైగ చేశాడు, ముందు ఆమెను పంపించెయ్యమని. ధనశ్రీ చూడనట్టు లోపలికెళ్ళింది. వంట ఏముంది ఆ పూట? పొద్దున వండిన అన్నం, ముద్దపప్పు. జాడీ మూతి గుడ్డ విప్పి చెంచాడు కారం తీసింది. పళ్ళెంలో అన్నం పెట్టి, కారం వేసి, నెయ్యి పోసి తెచ్చింది.

మొహమాటపడుతూనే రెండు ముద్దలు తింది నజ్మీన్. అందరూ తనవైపే చూస్తుండటం ఆమెకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"కారం చాలా బాగుంది మేడమ్. రంగు కూడా దిగలేదు. ఎప్పుడు కొట్టించారు?"

"మార్చిలో."

"మంచి పని చేశారు. మా అమ్మ అప్పుడే కొనెయ్యమని పోరింది. నేనే వినలేదు మేడమ్. ఈ నోటు నా చేతి మీదుగా పోతోంది, ప్రకటన వచ్చేదాకా ఇంట్లో మిరపకాయ కొనకూడదన్నాను. అమ్మకి కారణం చెప్పలేను కదా. బద్ధకమని తిట్టింది." చిన్నగా నవ్వింది. "ఉగాది అయ్యాక కొన్నాం. ధర పెరిగిపోయింది. ఈ ఏడు మా ఇంట్లో కారం సగమే పట్టించాం."

యలమందయ్య కుర్చీలో కదిలాడు.

కోటేష్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపే కనిపిస్తోంది. ఆ వీపు కేసి ధనశ్రీ చూస్తూ ఉండిపోయింది. తిరుగుతాడేమోనని. తిరిగి, ఆ కవరు ఇలా ఇవ్వమ్మా, ఒక తప్పు రాశాను అంటాడేమోనని. ఆ ఒక్క మాట అంటే ఆ పాత తేదీ కింద కూడా సంతకం పెట్టేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది. ఇరవై ఏళ్ళ కాపురం కదా.

కోటేష్ తిరగలేదు. "టైం అవుతోంది నజ్మీన్," అన్నాడు కిటికీతోనే.

నజ్మీన్ గబగబా లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. బ్యాగు భుజాన వేసుకుంది. "మేడమ్, ఆ కాగితం..."

ధనశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. కలం అందుకుంది. వీరబాబు స్టాంపు కాగితాన్ని కూడా దగ్గరికి జరిపాడు. ఆమె దాన్ని వేళ్ళతో వెనక్కి తోసేసింది. తెల్లకాగితం మీద "నాకు వాటా ఉంది. ఇప్పటికీ ఉంది," అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి. అక్కడితో ఆగింది.

"అమ్మా, నీ బ్యాగులో ఉన్న కవర్లో ఏముందో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది మేడమ్? అంటించి ఉందిగా."

"ధనా!" అన్నాడు కోటేష్. ఇప్పుడు తిరిగాడు.

"నోట్ సంగతి నువ్వే బయటపెట్టావని ఉంది."

నజ్మీన్‌కి వెంటనే అర్థం కాలేదు. కోటేష్ వైపు చూసింది. వీరబాబు వైపు చూసింది. బ్యాగు భుజం మీంచి జారింది. "నేనా సార్?" అంది. కళ్ళు నిండాయి గానీ ఏడవలేదు.

"నువ్వు కాదు. ఇప్పుడు నువ్వు తిన్నావే, ఆ కారం కాయల కోసం నేనే మా అన్నయ్యకి ఫోన్ చేశా. ఉగాది దాటితే ధర ఉండదని చెప్పా. నాకు ఈయన చెప్పారు. మావయ్యా, మీరడిగిన దానికి జవాబు ఇదే. అన్నయ్యకి చెప్పింది మీ కొడుకూ కాదు, ఈ అమ్మాయీ కాదు. నేనే."

యలమందయ్య కోడలి కేసి చూశాడు. తిడతాడనుకుంది. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, అంతే.

"నోరు ముయ్యి!" అని వీరబాబు అరిచాడు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు? మతి పోయి వాగుతోందమ్మా, నువ్వు వెళ్ళు!"

నజ్మీన్ వెళ్ళలేదు. చున్నీ కొసతో కళ్ళొత్తుకుంది. తర్వాత ఆఫీసులో మాట్లాడే గొంతుతో, చాలా నెమ్మదిగా అడిగింది.

"మేడమ్, ఇది మీరు రాస్తారా? లేక నేను వినలేదనుకుని వెళ్ళిపోనా? మీరు ఎలా చెప్తే అలా. వెళ్ళిపోతే నా సంగతి నేను చూసుకుంటాను. రాస్తే సార్‌ని ఇక ఎవరూ కాపాడలేరు."

ఎవరూ అంత మర్యాదగా ధనశ్రీని ఏమీ అడగలేదు, ఆ రోజు మొత్తంలో. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

కన్నీళ్ళు తుడుచుకోకుండానే కాగితం మీదికి వంగింది. "మార్చి నెలలో" అని మొదలుపెట్టింది. మూడో మాట రాయబోతుండగా ఒక చెయ్యి వచ్చి కాగితం మీద పడింది. కోటేష్ చెయ్యి. వేళ్ళ మధ్య నుంచి ఆకుపచ్చ పురికొస కొస వేలాడుతోంది. ఎప్పుడు జేబులోంచి తీశాడో అతనికే తెలియదు.

యలమందయ్య లేచి వచ్చాడు. ఆ దారం వైపు ఒకసారి, కొడుకు మొహం వైపు ఒకసారి చూశాడు.

"తియ్యరా చెయ్యి," అన్నాడు.

చెయ్యి అక్కడే ఉంది.